తూకానికి అందని బరువు

1989. బోఫోర్స్ వివాదంతో పార్లమెంటు అట్టుడుకుతున్న కాలం. రాజ్యసభలో 80 ఏళ్లు దాటిన ఒక నామినేటెడ్ సభ్యుడు లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన ఆర్.కె. నారాయణ్. తుపాకుల కొనుగోలు గురించి గానీ, కూలబోతున్న ప్రభుత్వాల గురించి గానీ ఆయన మాట్లాడలేదు. పుస్తకాల సంచి మోసి మోసి నడుం వంగిపోతున్న బడిపిల్లల గురించి, బడి ముగిశాక కూడా హోంవర్కుకూ ట్యూషన్‌కూ బలైపోతున్న సాయంకాలాల గురించి మాట్లాడారు. చదువు పేరిట బాల్యాన్నే కాజేస్తున్నామన్నది ఆయన ఆవేదన.

ఈ విషయం ఆయనకు కొత్త కాదు. 1935లో అచ్చయిన ఆయన తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్'లో లెక్క చేయలేక చతికిలపడే పిల్లవాడొకడున్నాడు. రాముడి దగ్గర పది మామిడిపళ్లున్నాయి, వాటిని అమ్మి పదిహేను అణాలు సంపాదించాలనుకుంటున్నాడు. కృష్ణుడికి నాలుగు పళ్లే కావాలి, ఎంత ఇవ్వాలి? సెలవుల్లో తండ్రి ఎదుట కూర్చున్న స్వామికి వచ్చిన సందేహం మాత్రం వేరు: ఆ పళ్లు పండినవా, పచ్చివా? సరైన జవాబు వచ్చేసరికి పిల్లవాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. గమనించవలసిందేమంటే, స్వామి తండ్రి న్యాయవాది. పక్కన కూర్చోబెట్టి లెక్క చెప్పగలిగిన చదువు, తీరిక ఆ ఇంట్లో ఉన్నాయి. అయినా ఆ లెక్క పిల్లవాడి బుర్రకెక్కలేదు. చదువే లేని ఇంట్లో ఆ లెక్క గతి ఏమిటన్నది నవల దాటి దేశం ఎదుర్కోవలసిన ప్రశ్న.

హోంవర్కు పుట్టుక ఉపాధ్యాయుల కాఠిన్యంలో లేదు. దాని వేళ్లు వలస పాలన నిర్మించిన విద్యావ్యవస్థలో ఉన్నాయి. వీధిబడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దించి, ఎక్కాలు వల్లెవేయించిన పంతులు ఏది, ఎప్పుడు, ఎంత చెప్పాలో తానే నిర్ణయించుకునేవాడు. 1854 నాటి వుడ్ డిస్పాచ్ తర్వాత, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాక, ఆ అధికారం పంతులు చేతుల్లోంచి జారిపోయింది. పాఠ్యపుస్తకాన్ని ప్రభుత్వ యంత్రాంగం ఖరారు చేసింది, మెట్రిక్యులేషన్ పరీక్ష దానికి కొలబద్ద అయింది, ఇన్‌స్పెక్టర్ దానికి కాపలాదారు అయ్యాడు. పుస్తకం పూర్తి చేయడమే బోధనగా మారిన చోట, తరగతి గదిలో మిగిలిపోయినది ఇంటికి ప్రవహించక తప్పదు. ఆ మిగులుకే హోంవర్కు అని పేరు.

దీనిపై తిరుగుబాటు కూడా పాతదే. పంజరంలోని చిలుకకు కాగితాలు కుక్కి చదువు చెప్పిన కథను టాగోర్ 1918లో రాశారు. 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన జరిగిన వార్ధా మహాసభ చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలపాలని కోరింది. స్వాతంత్ర్యం వచ్చాక టాగోర్, గాంధీల చిత్రపటాలు బడి గోడలకెక్కాయి. గోడల మధ్య మాత్రం పాఠ్యపుస్తకం, పరీక్ష యథాస్థానంలో నిలిచాయి.

ఆ తర్వాతి చరిత్ర కమిటీల చరిత్ర. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సమీక్షా సంఘం, 1984లో ఎన్‌సీఈఆర్‌టీ కార్యవర్గం, 1990లో జాతీయ విద్యావిధాన సమీక్షా సంఘం పిల్లలపై చదువు భారం తగ్గించాలని వరుసగా చెప్పాయి. భారం మాత్రం పెరుగుతూనే పోయింది. 1992 మార్చిలో కేంద్రం ఇదే పని మీద భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన మరో సంఘాన్ని నియమించింది. 1993 జులైలో ఆ సంఘం 'భారం లేని చదువు' పేరిట నివేదిక ఇచ్చింది. అందులో నారాయణ్ ప్రసంగాన్ని కూడా గుర్తుచేసుకుంది.

ఆ నివేదిక గొప్పతనం రోగనిర్ధారణలో ఉంది. సంచి బరువు కంటికి కనిపించేది, దానికంటే హానికరమైనది అర్థం కాకపోవడమనే బరువు అని యశ్‌పాల్ సంఘం తేల్చింది. ప్రాథమిక తరగతుల్లో ఇంటి పరిసరాలను పరిశీలించే పనులు తప్ప హోంవర్కు వద్దని, పై తరగతుల్లో అవసరమైతే ఇచ్చినా అది పాఠ్యపుస్తకానికి అతుక్కుని ఉండకూడదని సూచించింది. ఒక ఉపాధ్యాయుడికి 40 మందికి మించి పిల్లలు ఉండరాదని కూడా చెప్పింది. హోంవర్కు తగ్గాలంటే ముందు తరగతి గది మారాలన్న గ్రహింపు ఆ సిఫారసుల వరుసలోనే కనిపిస్తుంది. ప్రభుత్వం చేసిందేమిటి? ఆ సిఫారసుల సాధ్యాసాధ్యాలను పరిశీలించేందుకు ఇంకో బృందాన్ని వేసింది. యశ్‌పాల్ ఆలోచనకు జాతీయ పాఠ్యప్రణాళికలో సముచిత స్థానం దొరకడానికి 2005 వరకు వేచి ఉండవలసి వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, పిల్లలు భయాందోళనలు లేకుండా నేర్చుకోవాలన్న మాటను శాసనంగా మార్చింది.

ఇక ఆ తర్వాత ఆదేశాలకు కొదవ లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం సంచి బరువుకు తరగతులవారీగా పరిమితులు విధించి, ప్రాథమిక స్థాయిలో హోంవర్కు వద్దంది. 2018 మేలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు ఇవ్వరాదని ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం రాష్ట్రాలకు ఆ మేరకు సర్క్యులర్ పంపింది. 2020 నాటి బడిసంచి విధానం గంటలు కూడా లెక్కగట్టింది: రెండో తరగతి వరకు అసలు వద్దు, మూడు నుంచి ఐదు వరకు వారానికి 2 గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, ఆపైన రోజుకు 2 గంటలు. సంచి బరువు పిల్లల శరీర బరువులో 10 శాతానికి మించకూడదు.

కిలోలు, గంటలు తూకానికి అందుతాయి కనుక ప్రభుత్వాలకు ఇష్టం. అర్థం కాకపోవడాన్ని ఏ కాటాలో తూచాలి? 2022 నాటి 'అసర్' సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. మిగిలిన సగానికి పైగా పిల్లలు సాయంత్రం ఐదో తరగతి హోంవర్కును సంచిలో పెట్టుకుని ఇంటికి వెళుతున్నారు. అది అరగంట పనే కావచ్చు, సంచి బరువు నిబంధనలకు లోబడే ఉండవచ్చు. అక్షరం పోల్చుకోలేని బిడ్డకు ఆ అరగంట శిక్షే.

ఆ శిక్షను పంచుకునేది ఇల్లు. తల్లిదండ్రులు చదువుకున్నవారైతే పక్కన కూర్చుంటారు. కూలికి వెళ్లి అలసి వచ్చిన తల్లికి చదువు రాకపోతే, ఇంట్లో డబ్బు ట్యూషన్‌కు వెళుతుంది. అదే సర్వేలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు గ్రామీణ విద్యార్థుల్లో 30.5 శాతం మంది డబ్బు చెల్లించి ట్యూషన్‌కు వెళుతున్నట్టు తేలింది. 2018లో అది 26.4 శాతం. బిహార్, పశ్చిమ బెంగాల్‌లలో 70 శాతం దాటింది. రాజ్యాంగం 21-ఎ అధికరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది. ఆ విద్యలో ఒక భాగాన్ని సాయంత్రం పూట వెల పెట్టి కొనుక్కోవలసి వస్తే, ఆ హక్కులో ఎంత మిగిలినట్టు? ట్యూషన్ ఫీజు కూడా లేని ఇంటి బిడ్డ మర్నాడు హోంవర్కు చేయని పిల్లగా తరగతిలో నిలబడాలి. ఇంటి పేదరికం బడిలో పిల్లవాడి తప్పుగా నమోదవుతుంది.

ఈ నాలుగు దశాబ్దాల ఆదేశాలన్నీ హోంవర్కును ఉపాధ్యాయుడి అలవాటుగా చూశాయి, సర్క్యులర్‌తో మానిపించవచ్చనుకున్నాయి. అది బడి తన బాధ్యతను ఇంటికి బదిలీ చేసే మార్గమని యశ్‌పాల్ ఒక్కరే స్పష్టంగా చూశారు. ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ పోస్టులు, ఒకే గదిలో రెండు మూడు తరగతులు, గడువులోగా ముగించాల్సిన సిలబస్ అలాగే ఉన్నంతకాలం ఆ బదిలీ ఆగదు. అందుకు కావలసింది బడ్జెట్లో కేటాయింపులు, నియామకాలు. వాటితో పోలిస్తే తూకపు యంత్రం చౌక.

నారాయణ్ సభలో మాట్లాడిన నాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇవాళ నలభైల్లో ఉన్నారు. సాయంత్రమయ్యేసరికి వారు తమ పిల్లల పక్కన హోంవర్కు పుస్తకం తెరిచి కూర్చుంటున్నారు. రాముడి దగ్గర పది మామిడిపళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.