పక్కకు జరిగిన సిలిండర్

వశిష్ఠ గోదావరి నీళ్ళతో బతికే పాలకొల్లు వాళ్ళకి బురదనీటి సంగతి చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును బయటికి లాగడానికి, కాకినాడ ధర్మాడి సత్యం బృందానికి విశాఖ డైవర్లు తోడైనా, అక్టోబరు 22 దాకా పట్టింది. అలాంటి నీళ్ళలో కళ్ళకంటే చేతులే దిక్కు. స్కూబా సిలిండర్ వీపు దిగి పక్కకు చేరింది కూడా అలాంటి చీకటి నీళ్ళలోనే, బ్రిటన్ గుహల్లో. అక్కడ గుహల్లో డైవింగ్ చేసేవారి సంఘం 1946లోనే ఏర్పడింది. నీళ్ళతో మూసుకుపోయిన ఇరుకు సందులు దాటడానికి, 1960ల్లో అక్కడివాళ్ళు సిలిండర్లను నడుముకి, తొడ పక్కకి కట్టుకున్నారు. ఇలా సిలిండర్ పక్కన కట్టుకోవడాన్నే సైడ్‌మౌంట్ అంటారు. ఇవాళ ఆ మాట అనగానే స్థిరత్వం గురించి చెబుతారు గానీ, దాని పుట్టుకకీ స్థిరత్వానికీ సంబంధం లేదు. వాళ్ళు ఈదిన దూరం తక్కువ, పాకిన దూరం ఎక్కువ; బరువు తొడ దగ్గర వేలాడినా ఇబ్బంది లేకపోయింది.

1970ల్లో ఈ పద్ధతి ఫ్లోరిడా చేరాక చిక్కు బయటపడింది. అక్కడివి నీళ్ళు నిండిన పొడవాటి గుహలు, ఈదక తప్పదు. కాళ్ళు కిందికి జారితే అడుగున ఉన్న మెత్తటి మట్టి లేచి దారి కనబడదు. అందుకే సిలిండర్లను చంకల కిందికి, ఒంటి వెంబడి ఉండేలా జరిపారు. 1990ల నడుమ డైవ్ రైట్ కంపెనీ ఇలాంటి పరికరాన్ని అమ్మకానికి తెచ్చింది. అలా కొన్నది తొడుక్కుంటే సరిపోదా అంటే, సరిపోదు. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ 200 బార్లతో నిండితే లోపలి గాలే రెండున్నర కిలోల పైచిలుకు. నిండుగా ఉన్నప్పుడు కాస్త మునిగే ఆ సిలిండర్, గాలి ఖర్చవుతున్నకొద్దీ తేలికై అడుగుభాగం పైకి లేపుతుంది. వాల్వ్ వైపు చంక కింద సాగే తాడు పట్టి ఉంచుతుంది. అడుగు కొక్కేన్ని మాత్రం నడుము వెనక రింగు నుంచి ముందు రింగుకి మార్చాలి, అప్పుడే సిలిండర్ మళ్ళీ ఒంటికి సమాంతరంగా ఉంటుంది. ఉక్కు సిలిండర్ అలా తేలదు కనుక దాని కొక్కెం వెనకే ఉండొచ్చు.

ఇంత తంటా ఎందుకు, వీపు మీదిదే హాయి కదా అనేవాళ్ళ మాటలో నిజముంది. ఒక్క సిలిండర్‌తో సరదాగా దిగి వచ్చేవారికి అదే మేలు. రెండు సిలిండర్లంటే కావిడి లెక్కే: ఒకవైపు తేలికైతే మనిషి ఒరుగుతాడు, అందుకే రెండింటి రెగ్యులేటర్ల నుంచీ మార్చి మార్చి గాలి పీల్చాలి. కానీ ఒక వాల్వ్ మొరాయిస్తే అది చేతికందే చోటే, కంటి ముందే ఉంటుంది. వీపు మీదైతే తడుముకోవాలి. ఋషికొండలో స్కూబా నేర్చుకునే మన కుర్రాళ్ళు సైడ్‌మౌంట్ దాకా వెళ్తే, సముద్రంలో కుదిరిన అమరికని మంచినీటిలో మళ్ళీ సరిచూసుకోవాలి. మంచినీటికంటే ఉప్పునీరు సుమారు రెండున్నర శాతం బరువెక్కువ.