నగరం గ్యాస్ పైపు: లోపలి తుప్పు కథ

బండి రేడియేటర్లో కూలెంట్ బదులు బోరునీళ్ళు పోస్తే ఏమవుద్దో మన మెకానిక్కుల్ని అడగండి. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. తాటిపాక గ్యాస్ పైపుదీ అదే కథ.

తాటిపాక నుంచి కొండపల్లి దగ్గర లాంకో విద్యుత్ కేంద్రానికి గెయిల్ వాళ్ళ 18 అంగుళాల లైను వెళ్ళేది. వేసింది పొడి గ్యాస్ కోసం. పంపింది మాత్రం తేమ ఉన్న గ్యాస్. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటుంది కదండీ, అది నీళ్ళలో కలిస్తే ఆమ్లమే. పైపు అడుగున చేరిన నీరు ఉక్కుని కొంచెం కొంచెంగా కొరికేస్తూ వచ్చింది.

2014 జూన్ 27 తెల్లవారుజామున, పక్కనే ఉన్న నగరం ఊళ్ళో పైపు పగిలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి.

గ్యాస్‌లోంచి నీటిని తీసే యూనిట్ లేకుండానే లైను నడిచిందని తర్వాత విచారణలో తేలింది. ఆ పొద్దున పొయ్యి వెలిగించిన వాళ్ళ మీదికి తప్పు నెట్టే మాటలు వింటే మాత్రం నాకు కోపం వస్తుందండి.