బావి కొన్న దాత, బిందె కొంటున్న మనం

దాహమేసినవాడికి పానీ పిలానా పెద్ద సవాబ్ అని మన నానీమాలు చెప్పేవారు. బాగుంది. కానీ ఆ నీళ్ల ఖర్చు ఎవరు భరించాలి?

ఈ సవాల్ పాతదే. ముహాజిర్లు మదీనా చేరినప్పుడు అక్కడి మంచినీళ్ల బావి, బిర్-ఎ-రూమా, ఒక యజమాని చేతిలో ఉండేది. పైసలిస్తేనే నీళ్లు. ప్రవక్త (స) మాట మీద హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని కొని అందరికీ వక్ఫ్ చేశారని రివాయత్. ఆయన నీళ్లు కొని పంచలేదు, బావినే కొన్నారు. అసలు కిటుకు అక్కడుంది.

ఇక మన దాచేపల్లికి వద్దాం. ఊరి పక్కనే నాగులేరు, కాస్త దూరంలో కృష్ణ. కానీ ఇది సున్నపురాయి నేల. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ పల్నాడు పత్తికీ మిర్చికీ జాన్ పోసింది. అయితే ఆ కాలువ హిసాబ్ ఎకరాల్లో వేశారు, బిందెల్లో కాదు.

2014 అక్టోబర్ 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి వచ్చింది. 2 రూపాయలకు 20 లీటర్లు. సస్తానే అనిపిస్తుంది, కానీ వెయ్యి లీటర్లకు 100 రూపాయలు. అదే డబ్బా ప్రైవేటు ప్లాంటులో 10 రూపాయలైతే 500. హైదరాబాద్‌లోనేమో 2021 జనవరి నుంచి కుళాయి ఉన్న ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ముఫ్త్. పైపు ఉన్నవాడికి ముఫ్త్, పైపు లేని గరీబ్‌కు ఖరీదు!

పైపు వేస్తే సరిపోతుందా? 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో మురుగు కలిసిన నీళ్లు తాగి అతిసారంతో మనుషులు చనిపోయారు. పైపు వేసిన ఖర్చు ఒక్కసారిది. దాన్ని కాపాడే ఖర్చు ప్రతి నెలా ఉంటుంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామంది. ఆ కుళాయిలకు కూడా కరెంటు బిల్లు, క్లోరిన్, మోటారు రిపేరు తప్పవు.

మా ఖాందాన్‌లో అబ్బా పేరిట చేతిపంపు వేయించాం. వాషర్ అరిగితే ఏడాది పాటు ఎవరూ పట్టించుకోలేదు. సదఖా-ఎ-జారియా అంటే సాగుతూ ఉండే దానం. మా పంపు మాత్రం ఆగిపోయింది. పాతకాలంలో సబీల్ కట్టించిన ఎందరో దాని నిర్వహణకని దుకాణాల కిరాయి కూడా వక్ఫ్ రాసేవారు. ఈసారి మర్హూమ్‌ల పేరిట బోరు వేయించేటప్పుడు రాయి మీద పేరుతో పాటు మరమ్మతుకు కూడా కొంత రఖం పక్కన పెడదాం.