మన బళ్ళారి రోడ్ల మీద బండి లైటు కథ



పోయినసారి తుంగభద్ర కాలువల గురించి రాసినప్పుడు సిరుగుప్ప క్యాంపుల వైపు రాత్రి ప్రయాణాల మాట వచ్చింది. అది చదివి ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు, "ఆ గుడ్డి లైటు పెట్టుకుని ఎలా నడిపేవారు పెద్దాయనా?" అని అడిగారు. ఇంకొకాయన పాత బుల్లెట్ కొన్నాడట, దానికి 100 వాట్ల బల్బు వేయించమంటారా అని అడిగాడు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే దారిలో ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం ఇంట్లో అమ్మ దగ్గర, తర్వాత స్టేషన్లో పుస్తకాల బంకు దగ్గర నేర్చుకున్నాం. భాష అటూ ఇటూ అయితే సర్దుకోండి. అన్నట్టు మనం వెలుగు అనేదాన్ని తమిళంలో వెళిచ్చం అంటారు, కన్నడంలో బెళకు. మూడూ ఒకే వేరు మాటలు. మన బళ్ళారిలో మూడూ వినబడతాయి.

మొదట్లో మోటారు సైకిలుకి కరెంటు లైటే లేదు. కార్బైడ్ లైటు ఉండేది. డబ్బాలో కాల్షియం కార్బైడ్ ముక్కలు వేసి, పైనుంచి నీళ్ళు చుక్క చుక్కగా పడేలా పెడితే ఎసిటిలిన్ గ్యాసు పుట్టేది. దాన్ని అగ్గిపుల్లతో వెలిగించాలి. గాలికి ఆరిపోతే బండి ఆపి మళ్ళీ వెలిగించాలి. 1913లో జర్మనీలో బాష్ కంపెనీ డైనమో, రెగ్యులేటరు, హెడ్‌లైటు కలిపి ఒక సెట్టుగా అమ్మడం మొదలుపెట్టింది. 1925లో ఓస్రామ్ వాళ్ళు ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టారు, ఒకటి దూరానికి, ఒకటి దగ్గరకి. మనం డిమ్ము, డిప్పు అంటున్నదంతా అక్కడినుంచి వచ్చిందే.

మన జిల్లా సంగతికి వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు పాత బళ్ళారి జిల్లా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, మిగిలిన ఏడూ మైసూరు రాష్ట్రంలో కలిశాయి. ఆఫీసు కాగితాల మీద గీత పడింది కానీ చుట్టరికాలకు గీత పడలేదు. ఇక్కడి ఆడపిల్లను రాయదుర్గంలో ఇచ్చారు, ఆలూరు పిల్లను ఇక్కడికి తెచ్చుకున్నారు. పెళ్ళికో, చావుకో, నాట్లు కోతలకో రాత్రిపూట గీత దాటి పోవలసిందే. బస్సు లేని వేళ ఊళ్ళో ఎవరి దగ్గర మోటారు సైకిలుంటే ఆయనే దిక్కు.

ఆ బండి ఎక్కడినుంచి వచ్చేది? ఇందులో మన ఊరి స్వభావమే కనబడుతుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్ తయారైంది. 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా మొదలైంది. 1973 నుంచి దాని పేరే యెజ్డీ. అంటే మద్రాసు రాష్ట్రం పోయినా మద్రాసు బండి వస్తూనే ఉంది, కలిసిన మైసూరు నుంచి మైసూరు బండి వచ్చింది. పైనుంచి ఉత్తరాది రాజ్‌దూత్. పాలవాళ్ళకి, పల్లె వ్యాపారులకి అదే ఇష్టం. మూడింటికీ ఆ కాలంలో ఉన్నది 6 వోల్టుల కరెంటే.

రాజ్‌దూత్ లైటు గురించి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఇంజను తిరిగే వేగాన్ని బట్టి వెలుగు. రైజ్ చేస్తే తెల్లగా, వదిలేస్తే ఎర్రగా నిప్పుకణంలా. గుంతలో బండి నెమ్మదించేది, సరిగ్గా గుంత చూసుకోవలసిన అప్పుడే లైటు కూడా చచ్చేది. అందుకే క్లచ్చు పట్టుకుని ఎక్సిలరేటరు తిప్పుతూ దారి చూసుకునేవాళ్ళం. పక్క ఊరివాళ్ళు ఆ శబ్దం విని ఎవరొస్తున్నారో చెప్పేవారు.

ఆ రోజుల్లో ఎదురుగా లారీ వస్తుందన్న భయం తక్కువ. భయమంతా ఎడ్లబండి గురించే. పత్తి మూటలతో వరుసగా బండ్లు బళ్ళారి మార్కెట్టుకు వచ్చేవి. బండి కింద ఇరుసుకి ఒక లాంతరు వేలాడేది, అదీ ఉంటే ఉన్నట్టు. తోలేవాడు నిద్రలో ఉంటాడు, ఎద్దులకు దారి తెలుసు. నల్లరేగడి నేల, నల్ల రోడ్డు, నల్ల రాత్రి. ఆ గుడ్డి లైటులో మూటల వెనుక భాగం కనబడేసరికి మధ్య దూరం నాలుగు బారలే మిగిలేది. అలా పోయినవాళ్ళు మన కుటుంబాల్లో కూడా ఉన్నారు. పేర్లు రాయము, చదివేవాళ్ళకి తెలుసు.

మరి లైటు అంత గుడ్డిగా ఎందుకుండేది? అందరూ బల్బునే తిట్టేవారు. బల్బు తప్పు కొంతే. మిగతాది తీగలో ఉంది. ఇక్కడ కొంచెం లెక్క చెబుతాం, గుమాస్తా బుద్ధి పోదు కదా. 6 వోల్టుల మీద 35 వాట్ల బల్బు వెలగాలంటే సుమారు 6 ఆంపియర్ల కరెంటు పారాలి. 12 వోల్టుల మీద అదే 35 వాట్లకు 3 ఆంపియర్లు చాలు. స్విచ్చులో మసి, కనెక్షన్లో తుప్పు, సన్న తీగ, ఛాసిస్‌కి ఎర్తు పట్టే చోట పెయింటు, అన్నీ కలిసి 0.2 ఓముల అడ్డు ఉందనుకోండి. అది చాలా చిన్న సంఖ్య, పాత బండిలో సులభంగా ఉంటుంది. 6 వోల్టుల బండిలో బల్బు దాకా చేరేది 5 వోల్టులు. 12 వోల్టుల బండిలో చేరేది 11.4. ఫిలమెంటు బల్బుకి ఒక గుణం ఉంది, వోల్టు కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. ఆ లెక్కన 6 వోల్టుల బండిలో వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది, 12 వోల్టుల బండిలో నూటికి 85 పాళ్ళు మిగులుతుంది. బల్బు అదే, అడ్డూ అదే.

బండ్లు క్రమంగా 12 వోల్టులకు మారాయి. దానితో పాటు హాలోజెన్ బల్బు వచ్చింది. యూరప్‌లో మొదటి హాలోజెన్ కారు బల్బు 1962లో వచ్చింది. రెండు ఫిలమెంట్ల హెచ్-4 బల్బు 1971లో వచ్చింది. హై బీముకు 60 వాట్లు, డిప్పుకు 55. దాని లోపల డిప్పు ఫిలమెంటు కింద చిన్న గిన్నెలాంటి రేకు ఉంటుంది. కింది సగానికి పోయే వెలుగును అది ఆపేస్తుంది, అందుకే ఎదుటివాడి కంట్లో పడకుండా వెలుగు రోడ్డు మీదికి వంగుతుంది. పావలా అంత లేని ఆ రేకు ఎన్ని ప్రాణాలు కాపాడిందో.

ఇక్కడే మన వైరింగ్ షాపుల్లో గందరగోళం మొదలైంది. స్ప్లెండర్ లాంటి చిన్న బండ్లకి 35/35 వాట్ల బల్బు వస్తుంది. చాలా మోడళ్ళలో హెడ్‌లైటు కరెంటు బ్యాటరీ నుంచి వచ్చేది కాదు, నేరుగా ఇంజను కాయిల్ నుంచి ఏసీగా వచ్చేది. కుర్రవాళ్ళు దానికి 60/55 బల్బు తోయించేవారు. కాయిలు ఇవ్వగలిగింది అంతే కాబట్టి పెద్ద బల్బు అడిగిన కరెంటు రాక, వోల్టు కిందికి జారి, మునుపటికన్నా పచ్చగా వెలిగేది. డబ్బిచ్చి చీకటి కొనుక్కోవడం.

బ్యాటరీ మీద లైటు వెలిగే బండికి అసలు వైద్యం రిలే. రైల్వేలో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. స్టేషన్ మాస్టరు ప్యానెల్ మీద చిన్న బటన్ నొక్కుతాడు, ఆ కొద్దిపాటి కరెంటు రిలేని కదిలిస్తుంది, రిలే పోయి పెద్ద పాయింటు మోటారును నడిపిస్తుంది. (రిలే రూముకి రెండు తాళాలు, ఒకటి స్టేషన్ మాస్టరు దగ్గర, ఒకటి సిగ్నల్ వాళ్ళ దగ్గర. ఒక్కడే తెరవడానికి లేదు.) బండిలోనూ అంతే. హ్యాండిల్ మీది స్విచ్చు లైటు మొత్తం కరెంటు మోయనక్కర్లేదు, రిలేని మేలుకొలిపితే చాలు. బ్యాటరీ నుంచి మందమైన తీగ, ఫ్యూజు దాటి, రిలే దాటి నేరుగా బల్బుకి పోతుంది. హై బీముకి ఒకటి, డిప్పుకి ఒకటి. ఇది చేయించిన పాత బుల్లెట్లు చూశాం, బల్బు మార్చకుండానే వెలుగు మారిపోయింది.

ఇక ఖనిజం రోజులు. 2000ల తర్వాత చైనాకి ఇనుప ఖనిజం గిరాకీ పెరిగి, సండూరు, హొసపేట వైపు నుంచి రేవులకి లారీలు రాత్రింబగళ్ళు పోయేవి. 2011 జులైలో సుప్రీంకోర్టు మన జిల్లాలో గనులు ఆపేదాకా అదే తీరు. రోడ్డు ఎరుపు, చెట్లు ఎరుపు, డూము గాజు ఎరుపు. ఆ దుమ్ములో హై బీము వేస్తే ముందర ఎర్ర తెర కట్టినట్టుండేది, దారి కనబడదు. డిప్పులో పెట్టుకుని తెల్లగీత అంచు పట్టుకుని పోవడమే. అయినా లారీలకు భయపడి బైకు కుర్రవాళ్ళు 100/90 వాట్ల బల్బులు వేయించారు. వాడి భయం నిజమే, దాన్ని మేము తప్పుబట్టము. కానీ 100 వాట్లంటే 8 ఆంపియర్లు. ప్లాస్టిక్ హోల్డరు కరిగేది, రిఫ్లెక్టరు వెండిపూత నల్లబడేది, స్విచ్చు కాలేది. పైగా ఎదురుగా వచ్చే మన చుట్టం కళ్ళు మూసుకుపోయేవి. లారీవాడు ఎత్తులో కూర్చుంటాడు, వాడికి పెద్దగా తగలదు. తగిలేది ఎదురొచ్చే మోపెడ్‌వాడికి, సైకిల్‌వాడికి. ఒకప్పుడు గాజు పై సగానికి నల్లరంగు పూసేవారు, మధ్యలో నల్ల చుక్క పెట్టేవారు. ఆ బుద్ధి ఎటుపోయిందో.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకి ఇంజను వేయగానే లైటు వెలిగే పద్ధతి తప్పనిసరి అయింది. దానికి పగలు లైటేంటని నవ్వినవాళ్ళున్నారు, మేము నవ్వలేదు. ఆ తర్వాత 2019లో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని తీర్పు చెప్పింది. ఇప్పుడు ఎల్‌ఈడీల కాలం. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురు జపాన్ శాస్త్రవేత్తలకి 2014లో నోబెల్ వచ్చింది, తెల్ల ఎల్‌ఈడీ దాన్నుంచే పుట్టింది. కంపెనీ డూముతోనే వచ్చే ఎల్‌ఈడీ మంచిదే. కానీ హాలోజెన్ డూములో బజారు ఎల్‌ఈడీ బల్బు తోస్తే, ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు ఉండదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే కింద పడాల్సిన వెలుగు ఆకాశంలోకి, ఎదుటివాడి ముఖంలోకి పోతుంది. నడిపేవాడికి ముందు నేల తెల్లగా మెరుస్తుంది కాబట్టి బాగుందనుకుంటాడు. దూరం మాత్రం కనబడదు.

బుల్లెట్ కొన్న మిత్రుడికి: 100 వాట్లు వద్దు. ముందు డూము విప్పి రిఫ్లెక్టరు చూడండి, నల్లబడి ఉంటే దాన్ని మార్చండి. ఎర్తు తీగ పట్టే చోట పెయింటు గీకి బిగించండి. రెండు రిలేలు, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, కనీసం ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మంచి కంపెనీ 60/55 బల్బు. ఆ తర్వాత బండి స్టార్టు చేసి, లైటు వేసి, కాస్త రైజ్ చేసి ఆమీటరు చూడండి. ముల్లు ఇంకా మైనస్ పక్కనే ఉంటే ఆల్టర్నేటరు చాలట్లేదని అర్థం. అప్పుడు బల్బు జోలికి పోకుండా దాన్నే చూపించండి. చివరగా సాయంత్రం ఒక గోడకి ఎదురుగా ఏడెనిమిది మీటర్ల దూరంలో, మీరు కూర్చుని, వెనకాల ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి, డిప్పు వేయండి. గోడ మీద వెలుగు పై అంచు డూము మధ్య ఎత్తుకన్నా కొంచెం కిందికి రావాలి. రాకపోతే డూము బోల్టు వదులు చేసి కిందికి వంచి బిగించండి. వెనకాల మనిషి ఉన్నప్పుడు, లేనప్పుడు ఎంత తేడా వస్తుందో ఆ గోడ మీదే కనబడుతుంది.