రావల్పిండి యుద్ధఖైదీల పలాయనం, 1972

1971 భారత్–పాకిస్తాన్ యుద్ధంలో పట్టుబడ్డ ముగ్గురు భారత వైమానిక దళ పైలట్లు 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి తప్పించుకున్నారు. వారు దిలీప్ పరూల్కర్, ఎం.ఎస్. గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ.

పరూల్కర్ విమానం డిసెంబరు 10న కూలింది. మరో వారానికి యుద్ధం ఆగింది, చెర మాత్రం ఆగలేదు. పోరు ముగియగానే ఖైదీలను జాప్యం లేకుండా వదిలేయాలని జెనీవా ఒప్పందం చెబుతుంది. కానీ భారత్ చేతిలో ఉన్న దాదాపు 93,000 మంది పాకిస్తానీ బందీల విషయం రాజకీయ బేరాల్లో చిక్కుకుంది. దాంతో పాకిస్తాన్‌లోని భారత ఖైదీలకూ విడుదల తేదీ చెప్పేవారు లేరు. దెబ్బలకన్నా, ఆకలికన్నా బందీని ఎక్కువగా కుంగదీసేది ఈ అనిశ్చితే.

ముగ్గురూ రహస్యంగా గోడ తవ్వుతుంటే తోటి ఖైదీలు కాపలాదారుల కదలికలు కనిపెట్టి ఉండేవారు. ఆగస్టు 12 అర్ధరాత్రి దాటాక బయటపడి, బస్సులో పెషావర్ చేరి, జమ్రూద్ మీదుగా లండీ కోతల్‌కు వెళ్లారు. అఫ్గాన్ సరిహద్దు ఇంక ఆరేడు కిలోమీటర్లే! అక్కడ లండీ ఖానా స్టేషన్‌కు దారి అడగడమే కొంప ముంచింది. ఆ స్టేషన్ 1932లోనే మూతపడింది. లేని స్టేషన్‌ను వెతుకుతున్న కొత్త మనుషుల్ని జనం అనుమానించి పట్టుకున్నారు.

తాము పాకిస్తాన్ వైమానిక దళం వాళ్లమేనని చెప్పి, పాకిస్తాన్ వైమానిక దళాధిపతి వద్ద పనిచేస్తున్న స్క్వాడ్రన్ లీడర్ ఉస్మాన్ హమీద్‌కు ఫోన్ చేయించారు. ఆయన అంతకుముందు వారి శిబిరానికి అధికారి. విషయం గ్రహించి, వారికి హాని జరగకుండా చూడమని అక్కడివారికి చెప్పారు. ఈ కథలో ముగ్గురి తెగువతో సమానంగా నిలిచేది ఆ అధికారి మంచితనం.

పారిపోయి దొరికిన ఖైదీకి క్రమశిక్షణా చర్య తప్ప వేరే శిక్ష వేయరాదు, అదీ 30 రోజులు మించరాదు. ఇదీ జెనీవా నియమమే. వారిని ఏకాంత నిర్బంధంలో ఉంచి, తర్వాత లయల్పూర్ జైలుకు మార్చారు. 1972 డిసెంబరు 1న మిగతా భారత ఖైదీలతోపాటు వాఘా దగ్గర విడిచిపెట్టారు.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. 54 మంది భారత సైనికులు పాకిస్తాన్ జైళ్లలో ఉండిపోయారని భారత్ నమ్ముతోంది, పాకిస్తాన్ కాదంటోంది. 2007లో కొందరు బంధువులు అక్కడి జైళ్లకు వెళ్లి వెతికినా ఆచూకీ దొరకలేదు. వారేమయ్యారో ఆ కుటుంబాలకు తేల్చి చెప్పాల్సిన బాధ్యత ఇప్పటికీ రెండు ప్రభుత్వాలపైనా ఉంది.