మద్రాసు వేటకుక్కల జబ్బు – మన కుక్క కిడ్నీలు

ఈసారి వరి, మొక్కజొన్న పక్కనబెట్టి మన కళ్లం కాసే కుక్క గురించి రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

కుక్కకి జ్వరమొచ్చి, తిండి మానేసి, ఉచ్చ డికాషన్ రంగుకి తిరిగితే మనం ఏమంటాం? వేడి చేసిందంటాం. కాకపోతే కామెర్లని పసరు పోస్తాం. చాలాసార్లు అది పిడుదుల వల్ల వచ్చే నెత్తురు జబ్బు. కొందరు గోమార్లు అంటారు చూడండి, అవే. ఆ జబ్బుల్లో ఒకదాన్ని లోకంలో మొదటిసారి గుర్తించింది మన మద్రాసులోనే. మన మద్రాసు అని ఎందుకంటున్నానంటే, అప్పటికి నెల్లిమర్ల కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే, విశాఖపట్నం జిల్లాలో ఉండేది.

అక్కడ తెల్లదొరలకి 'మద్రాసు హంట్' అని వేట సరదా ఒకటుండేది. వాళ్ల వేటకుక్కల నెత్తురులో, ఎర్రకణాల లోపల, ఒక చిన్న పరాన్నజీవిని పాటన్ అనే డాక్టరు చూశాడు. తర్వాత నక్కల్లోనూ అదే కనబడింది. 1910లో ఆ సంగతి ప్రకటించాడు. ఈ రోజు దాన్ని బబీసియా గిబ్సోనీ అంటున్నారు. నక్కలు మన చంపావతి ఒడ్డునా ఉన్నవే కదా, ఇది దొరల కుక్కలకే వచ్చే జబ్బనుకోకండి.

మందు కథ ఇంకా విచిత్రం. అంతకు ఏడాది ముందే, 1909లో, ఇంగ్లండులో నట్టాల్, హాడ్వెన్ అనే ఇద్దరు ట్రిపాన్ బ్లూ అనే నీలం రంగుతో కుక్కల బబీసియాకి వైద్యం చేసి చూపించారు. అద్దకం రంగే, మందైంది! ఒళ్లంతా నీలం తేలేది గానీ కుక్క బతికేది. అయితే అది పెద్దజాతి బబీసియా మీదే పనిచేసింది. మద్రాసులో దొరికిన చిన్నజాతి దానికి లొంగలేదు. ఒకే పేరున్న జబ్బైనా ఏ జాతో తెలియకుండా మందేస్తే దండగని అప్పుడే తేలిపోయింది. మనం ఇంకా నేర్చుకోలేదు.

1955లో జర్మనీ నుంచి బెరెనిల్ వచ్చింది, అసలు పేరు డిమినజీన్. మన ఆవులకి ఎర్రమూత్రం జబ్బులో వేసే పసుపు మందు అదే. ఇక్కడే నాకు కోపమొస్తుంది. ఆవుకి వేయగా సీసాలో మిగిలింది కదా అని, కుక్కకి కంటితో అంచనా కట్టి పొడిచేస్తారు. కుక్క విషయంలో ఆ మందు మోతాదుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఎక్కువైతే మెదడు దెబ్బతింటుంది, లివరు, కిడ్నీల్లో పేరుకుంటుంది. ఇమిడోకార్బ్ కూడా అంతే, మోతాదు మించితే కిడ్నీ గొట్టాలు పాడవుతాయి. పైగా మన చిన్నజాతి మీద అది సరిగా పనిచేయదు కూడా. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇస్తే నయమవుతోందని 2004లో అమెరికాలో చూపించారు. ఖరీదు మాత్రం గట్టిదే.

ఇంతకీ కిడ్నీకి ఏమవుతుంది? ఎర్రకణాలు పగిలితే వాటిలోని రంగు పదార్థం నెత్తుట్లో కలిసి, కిడ్నీ గుండా ఉచ్చలోకి దిగుతుంది. డికాషన్ రంగు అదే. ఒకపక్క నెత్తురు తగ్గి ఊపిరి గాలి అందదు, ఇంకోపక్క నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోతుంది. కిడ్నీ లోపలి సన్నగొట్టాలు ఆ దెబ్బకి చచ్చిపోతాయి. నెమ్మదిగా నడిచే దారి ఇంకోటుంది. జబ్బుతో పోరాడిన ముద్దలు కిడ్నీ జల్లెడలో ఇరుక్కుని, ప్రోటీను ఉచ్చలో కారిపోతుంది. పిడుదుల వల్లే వచ్చే ఎర్లికియా జబ్బులోనూ ఇలాగే జరుగుతుంది. దాన్ని 1935లో అల్జీరియాలో గుర్తించారు, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు దాంతో చాలా చచ్చాయి. దానికి డాక్సీసైక్లిన్ వాడతారు. ఆ మందు ఎక్కువగా పేగుల దారినే పోతుంది కాబట్టి కిడ్నీకి భారం తక్కువ.

క్రియాటినిన్ అంటే ఏమిటో మన ఉత్తరాంధ్రలో విడమర్చి చెప్పక్కర్లేదు, ఉద్దానం మనకి నేర్పింది. (ఉద్దానం జబ్బుకీ పిడుదులకీ సంబంధం లేదు, కలపకండి.) కుక్కలోనూ అదే పరీక్ష. కానీ కిడ్నీ పని ముప్పాతిక వంతు పోయాకగానీ ఆ అంకె పెరగదు. ఉచ్చ పరీక్షలో ప్రోటీను అంతకంటే ముందే కనబడుతుంది.

జ్వరమని మన ఇంట్లోని నొప్పి మాత్ర వేయడం అన్నిటికంటే ప్రమాదం. నీళ్లు లేక ఎండిన కుక్కకి ఆ మాత్ర కిడ్నీకి వెళ్లే నెత్తుటిని ఇంకా తగ్గించేస్తుంది. రాబందులు గుర్తున్నాయా? డైక్లోఫినాక్ వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పోయే చచ్చాయవి. 2006లో పశువులకి ఆ మందు ఆపేసింది అందుకే.

కాబట్టి సూది పడే ముందు నెత్తురు పరీక్ష అడగండి. బరువు తెలియకుండా సూది వేయనివ్వకండి. ధాన్యం కాటా ఉంటే కుక్కను ఎత్తుకుని నిలబడండి, తర్వాత మీ బరువు తీసేయండి. గరివిడి పశువైద్య కళాశాల మనకి దూరమేమీ కాదు. వెళ్లేటప్పుడు పొద్దుటి ఉచ్చ శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లండి, ఇంతకుముందు ఏ మందు పడిందో దాని ఖాళీ సీసా కూడా తీసుకెళ్లండి.