ఇంటర్నేషనల్ హౌస్

వివిధ దేశాల విశ్వవిద్యాలయ విద్యార్థులు కలిసి నివసిస్తూ ఒకరి సంస్కృతిని ఒకరు అర్థం చేసుకోవాలన్న ఉద్దేశంతో అమెరికాలో మొదలైన వసతి గృహాల వ్యవస్థ. వాడుకలో ఐ-హౌస్ అంటారు. న్యూయార్క్ (1924), బర్కిలీ (1930), షికాగో (1932) గృహాలు తొలితరానివి. మూడింటికీ ప్రధాన దాత జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్. పారిస్‌లోని అంతర్జాతీయ విద్యార్థి నగరంలో 1936లో తెరిచిన ఇంటర్నేషనల్ హౌస్‌కూ ఆయనే నిధులిచ్చారు.

ఆరంభం: దీన్ని ఎక్కణ్ణుంచి లెక్కించాలన్నది చర్చనీయాంశం. 1903లో విస్కాన్సిన్‌లోనూ, మరుసటి ఏడు కార్నెల్‌లోనూ ఏర్పడిన కాస్మొపాలిటన్ తరహా విద్యార్థి సంఘాలను తొలి అడుగుగా చెప్పవచ్చు. ఐ-హౌస్ సంస్థలు మాత్రం 1909 నాటి ఒక ఘటనను చెబుతాయి. న్యూయార్క్ వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తున్న హ్యారీ ఎడ్మండ్స్ కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్ల మీద చైనా విద్యార్థి ఒకరికి శుభోదయం చెప్పారు. ఊరికి వచ్చి మూడు వారాలైందనీ, తనను పలకరించిన మొదటి మనిషి ఆయనేననీ ఆ విద్యార్థి అన్నాడట. ఈ ఉదంతానికి ముఖ్య ఆధారం ఎడ్మండ్స్ చెప్పిన మాటే. ఆపై ఎడ్మండ్స్ దంపతులు విదేశీ విద్యార్థులను ఆదివారం భోజనానికి ఇంటికి పిలవసాగారు. కలిసి నివసించడమే ఈ వ్యవస్థకు ప్రాణం కనుక, వసతి ఏర్పడిన 1924ను ఆరంభంగా తీసుకోవడం సబబుగా తోస్తుంది.

బర్కిలీ: ఇక్కడి చరిత్ర మరింత విశేషమైనది. 1920లలో ఈ ఊళ్ళో విదేశీ విద్యార్థులకు, ముఖ్యంగా ఆసియావాసులకు, ఇళ్ళు అద్దెకు దొరకడం గగనం. విదేశీయులనూ నల్లజాతివారినీ చేర్చుకోని విద్యార్థి సంఘాల భవనాలు బారులు తీరిన పీడ్‌మాంట్ అవెన్యూలోనే ఎడ్మండ్స్ కావాలని స్థలం ఎంచుకున్నారు. దీనికి వ్యతిరేకంగా జరిగిన నిరసన సభకు 800 మందికి పైగా వచ్చారంటారు. ఆ సభలో ఈ ప్రయత్నాన్ని గట్టిగా సమర్థించిన వారిలో నల్లజాతి పాత్రికేయురాలు డెలైలా బీస్లీ ఒకరు. స్త్రీ పురుషులకు ఒకే భవనంలో వసతి ఇవ్వడం కూడా అప్పట్లో అభ్యంతరమే. అయినా 1930 ఆగస్టులో గుమ్మటంతో కూడిన ఆ భవనం తెరుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొన్నేళ్ళు నౌకాదళం దాన్ని వాడుకుంది.

పద్ధతి: బర్కిలీలో విదేశీయులతో పాటు స్థానిక విద్యార్థులూ ఉండేలా చూస్తారు. అతిథి, ఆతిథేయి అన్న తేడా లేకుండా అందరూ సాటి నివాసులే. ఉమ్మడి భోజనశాల, వేరే దేశం వారితో గది పంచుకోవడం, గది శుభ్రత నుంచి నిద్రవేళల దాకా ఒకరితో ఒకరు సర్దుకుపోవడం ఇక్కడి అసలు చదువు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థ అండ ఉన్నచోటే పరిచయం వల్ల దురభిప్రాయాలు తగ్గుతాయని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ సిద్ధాంతీకరించింది 1954లో. ఐ-హౌస్ ఆచరణ అంతకు మూడు దశాబ్దాల ముందుది.

అంచనా: ఇతర సంస్కృతుల పట్ల సున్నితత్వం మెట్లమెట్లుగా పెరుగుతుందంటూ మిల్టన్ బెన్నెట్ 1986లో ప్రతిపాదించిన నమూనాలో సాంస్కృతిక భేదాన్ని నిరాకరించడం మొదటి మెట్టు. పైకి అందరం ఒకటేనంటూ భేదాన్ని తేలిక చేయడం మూడోది. పండుగలకూ వంటకాలకూ పరిమితమైన కార్యక్రమాలు విద్యార్థిని ఆ మూడో మెట్టు దాటించడం కష్టం. కోరి చేరేవారిలో సుహృద్భావం ముందే ఉండవచ్చు కనుక, మార్పంతా ఈ గృహాల ఘనతేనని చెప్పడానికి వీల్లేదు. ఏటా వేల సంఖ్యలో విదేశాలకు వెళ్ళి, ఎక్కువగా సాటి తెలుగువారితోనే గదులు పంచుకునే మన విద్యార్థులకు ఈ చరిత్ర అవసరమైనది. దేశం మారినంత మాత్రాన పరిచయం ఏర్పడదు, దానికి తగిన ఏర్పాటు ఎవరో ఒకరు చేయాలి.